మీ పని అయిపోయింది

ఆ ఉదయం బావ వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రయోగశాలలో ఒకటిగా కలిపిన ముప్పై రెండు లినక్స్ కంప్యూటర్లకు, ఎవరి లెక్క ముందో ఎవరిది వెనకో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచాలి. సాయంత్రం అయిదుకల్లా దానితో, వరద ఎంత వస్తుందో అంచనా కట్టే శాస్త్రవేత్త మేడమ్ గారి లెక్క పూర్తి చేయించాలి. తేడా వస్తే డైరెక్టరు యంత్రాలను పక్క శాఖకు ఇచ్చేస్తారు, బావ మళ్లీ ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగే పాత కొలువుకు పోతాడు.

చిక్కల్లా పక్క కుర్చీలో పనిచేసే బావమరిదితోనే.

"నేను చెప్పిందే పెడదాం బావా. కొత్తది, చురుకైనది."

"నాది పాతదే గానీ మాట వింటుంది."

"అచ్చం నీలాగే! కావాలంటే అక్కనడుగు."

మాట తెగలేదు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఎవరిది వాళ్లు ముప్పై రెండింటిలోనూ ఎక్కించేశారు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని మేడమ్ తన లెక్కను రెండింటికీ అప్పగించారు. తాను పెట్టని లెక్క కనబడితే చంపడం, అంటే మధ్యలో ఆపేయడం, తనది చస్తే మళ్లీ లేపడం రెండు సాఫ్ట్‌వేర్లకూ అలవాటే. ఇది దాన్ని చంపింది, అది దీన్ని చంపింది, రెండూ లేచాయి. ఫ్యాన్లు హోరెత్తాయి.

లెక్క పూర్తయినా, మధ్యలో చచ్చినా డైరెక్టరుకు ఒక మెయిల్ వెళ్తుంది. భాషాభిమానం కొద్దీ బావ దాన్ని తెలుగులో రాశాడు. బావమరిది అక్షరం పొల్లుపోకుండా కాపీ కొట్టాడు. "మీ పని అయిపోయింది."

పావుగంటలో నాలుగు వేల మెయిళ్లు. ఇద్దరు సెక్యూరిటీ గార్డులతో డైరెక్టరు ఊడిపడ్డారు.

"ఎవడయ్యా నన్ను బెదిరిస్తోంది?"

"బెదిరింపు కాదు సార్! మీ పని నిజంగానే అయిపోయింది!" అన్నాడు బావ.

"విన్నారుగా!" అన్నారు డైరెక్టరు గార్డులతో.

బావమరిది అడ్డుపడ్డాడు. "ఇంకా పూర్తిగా అవ్వలేదు సార్. అయిదుకల్లా అయిపోతుంది."

గార్డులు ఒక అడుగు ముందుకు వేశారు.

"ముందు మీ ఇద్దర్లో ఒకరు తగ్గండి!" అని అరిచారు మేడమ్. "నా వరద మీకోసం ఆగుతుందా?"

బావమరిది గార్డుల మధ్య చిక్కిన బావను చూశాడు. పాపం అనిపించింది. తన సాఫ్ట్‌వేర్ తీసేశాడు. "నీదే ఉంచు బావా. నీకేమన్నా అయితే అక్క నన్ను బతకనివ్వదు."

అయిదుకు పది నిమిషాలుండగా వరద లెక్క తేలింది. మేడమ్ డైరెక్టరును కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పారు. బావా బావమరిదీ ఆయన నిర్ణయం కోసం ఎదురుచూశారు. అయిదూ అయిదుకు ఆయన నుంచి ఇద్దరికీ కలిపి ఒకటే మెయిల్ వచ్చింది. అందులో ఒకటే వాక్యం.

"మీ పని అయిపోయింది."

అది మెచ్చుకోలో వీడ్కోలో డైరెక్టరును ముందుగా ఎవరు వెళ్లి అడగాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మాత్రం వాళ్లింకా ఎంచుకోలేదు.