పాంజాండ్రమ్ గారి కుళాయి

బీర్‌గావ్‌లో ఇంతవరకు ఏ వార్డు పార్షద్‌కూ, అంటే కౌన్సిలరుకూ, దక్కని గౌరవం మన గురునాథం గారికి దక్కింది. ఒక ఇంగ్లీషు పేపరు ఆయన్ని ‘పాంజాండ్రమ్’ అని రాసింది. పక్కన ఫొటో కూడా వేసింది.

అర్థం ఎవరికీ తెలియదు. అయినా సాయంత్రానికల్లా దండలు వచ్చాయి, పండరీ బట్టల బజారు నుంచి శాలువా వచ్చింది. “పాంజాండ్రమ్ గురునాథం జిందాబాద్!” అని అనుచరుడు చిన్నారావు గొంతు చించుకున్నాడు. ఫ్లెక్సీ వేయించే ముందు అర్థం కనుక్కుందామని ఇంగ్లీషు టీచరు కల్యాణికి కబురు పెట్టారు.

అది వెటకారపు మాటని కల్యాణికి తెలుసు. నిజం చెబితే, ఎప్పటినుంచో ఈయన ఇస్తానంటున్న కుళాయి ఈ జన్మకు రాదు. ట్యాంకరు దగ్గర తోసుకోలేక తల్లి రమణమ్మ నడుం పడిపోయింది. పోనీ అబద్ధం చెబుదామంటే, రేపెవడో డిక్షనరీ తీస్తాడు, ఉద్యోగానికే ఎసరు.

“అధికారం వెలగబెడుతూ, తనంతవాడు లేడనుకునే మనిషి అని అర్థం, బాబాయ్‌గారూ,” అంది కళ్లు మూసుకుని.

“బిల్కుల్ నేనే!” అని గురునాథం గారు తొడ చరిచారు. “చూసేవురా చిన్నారావూ, పేపరోళ్లు ఎంత పక్కాగా కనిపెట్టేసేరో!”

కల్యాణికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు కాస్త కొంటెతనమూ వచ్చింది.

“అర్థం అదేగానీ, వాడుక వేరండీ. ఊరికే తగిలించేసుకోకూడదు. మా సందులో కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. అప్పుడు వాడాలి.”

“ఇంగ్లీషులో అలాగుందేటి?”

“పెద్ద మాటలన్నిటికీ ఉంటుందండీ.”

“అయితే వచ్చే ఆదివారమే కుళాయి ఉద్ఘాటన్, నేనే తిప్పి ప్రారంభిస్తాను!”

ఆదివారానికి సందు మొగలో కుళాయి మొలిచింది. దాని వెనక ఇంటి ఎత్తు ఫ్లెక్సీ. బ్యాండు మోగింది. గురునాథం గారు తిప్పగానే నీళ్లు ధారకట్టాయి. రమణమ్మ బిందె పెట్టి, ఆనందం పట్టలేక కొంగుతో కళ్లొత్తుకుంది. “నా తల్లే, సాధించేసేవే!” అంది కూతురితో.

కల్యాణి పొంగిపోయి, పైపు ఎటునుంచి వేశారో చూద్దామని ఫ్లెక్సీ వెనక్కి వెళ్లింది. అక్కడ రోజూ వచ్చే ట్యాంకరే నిలబడి ఉంది. దాని రబ్బరు గొట్టం తిన్నగా కుళాయికి తగిలించి ఉంది. లోపల ఇంకెన్ని నీళ్లున్నాయో అని చిన్నారావు ట్యాంకరును తట్టి చూస్తున్నాడు.

నవ్వు ఆపుకోలేక కల్యాణి పరుగున ముందుకొచ్చింది. “అమ్మా, ఇంట్లో ఉన్న బిందెలన్నీ తెచ్చేయ్, బేగి!”

గురునాథం గారు శాలువా సర్దుకున్నారు. “ఏం టీచరమ్మా, ఇక ఆ మాట వాడుకోవచ్చా?”

“నిక్షేపంలా వాడుకోండి, బాబాయ్‌గారూ. ఇప్పుడే సరిగ్గా అతికింది.”