సేవ జూలై ఒకటి నుంచి

లక్సెట్టిపేట పుర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, వచ్చే జూలై ఒకటో తేదీ నుంచి పట్టణంలో సేవ ప్రారంభమవుతుంది. అంతవరకు కష్టాల్లో ఉన్నవారు అదే స్థితిలో కొనసాగవలసిందిగా కోరడమైనది.

ఫిబ్రవరిలో నేను రాసిన ప్రకటనలో ఈ రెండో వాక్యం లేదు. ఉండవలసిందని తరువాత తెలిసింది. నేను మా సేవా క్లబ్బుకు సంయుక్త కార్యదర్శిని. ప్రకటనలు రాయడం, ఫొటోలు పంపడం నా వంతు సేవ.

సిమెంటు, సలాకల వ్యాపారి రామచంద్రం గారు జూలై ఒకటితో మొదలయ్యే క్లబ్బు కొత్త ఏడాదికి అధ్యక్షులుగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఆనాటి సమావేశానికి రాని సభ్యుడు ఆయన ఒక్కరే కావడం అందుకు ఎంతో తోడ్పడింది. మర్నాటి నుంచే ఆయన పదవికి సిద్ధం కావడం మొదలుపెట్టారు. మంచిర్యాలలో రెండు రోజుల శిక్షణకు వెళ్లారు. మొదటి రోజంతా సమావేశం గంట కొట్టడం నేర్పారు. రెండో రోజు, దానం చేసేటప్పుడు పుచ్చుకునేవారి మొహం చూడకూడదని, చూస్తే ఫొటోలో మన మొహం సగమే పడుతుందని చెప్పారు. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. సతీమణి పద్మలత గారికి క్లబ్బుకు కాబోయే ప్రథమ మహిళ హోదాలో పక్క గదిలో చిరునవ్వు మీద తరగతి జరిగింది. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు షాపు గోడకు ఉంది.

మార్చిలో ఆ షాపుకే బుచ్చవ్వ వచ్చింది. బీడీలు చుట్టుకుని బతికే ఒంటరి మనిషి. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి.

“సారూ, ఆకు అంచు కానొస్తలేదు. చుట్టిన బీడీలల్ల సగం పనికిరావని పారేస్తున్నరు. ఇట్లయితే పనిల నుంచే తీసేస్తరు. జర కండ్ల ఆపరేషన్ చేయిపియ్యిండ్రి.”

రామచంద్రం గారి సంతోషానికి హద్దు లేదు. తన ఏడాదికి ఆయన ఎంచుకున్న పథకం సరిగ్గా అదే. పేరు ‘వెలుగు మహాయజ్ఞం’.

“ఫికర్ చేయకు అవ్వా. మొదటి పేరు నీదే. జూలై ఒకటి నాడు రా.”

“గిది మార్చే గద సారూ.”

“ఇప్పుడు చేస్తే గది దేవదాస్ సార్ ఏడాదిల పడ్తది. కష్టం నాది, పేరు ఆయనదా?”

బుచ్చవ్వ అప్పటి అధ్యక్షులు దేవదాస్ గారి దగ్గరికే పోయింది. వారిది మొక్కల సంవత్సరం. నియమానుసారం ఆమె చేతికి ఒక కానుగ మొక్క ఇచ్చి ఫొటో దిగారు. మొక్కను దారిలోనే మేక తిన్నది.

మే నెలలో క్లబ్బుకు పెద్ద గండం వచ్చింది. బుచ్చవ్వ ఎవరికీ చెప్పకుండా సర్కారు దవాఖానకు బయలుదేరిందట. రామచంద్రం దంపతులు మామిడి పండ్లతో పరుగున వెళ్లి ఆటోల దగ్గర ఆమెను అందుకున్నారు. నేనూ వెంట ఉన్నాను.

“నీ ఫొటోతోని ఫ్లెక్సీ కొట్టిచ్చినం అవ్వా,” అన్నారు రామచంద్రం గారు. “గిప్పుడు నువ్వు మంచిగైతే ఎట్ల?”

“నాకెర్కలేకపాయె సారూ. అందరిని పరేషాన్ చేస్తి,” అని ఆమె పండ్లు తీసుకుని వెనక్కి తిరిగింది. నాకు సిగ్గేసింది. పత్రికా ప్రకటనలో అందుకు చోటు లేనందున రాయలేదు.

జూన్‌లో ఆమె బీడీల పని పూర్తిగా పోయింది. దాంతో మా ఫొటో రిహార్సళ్లకు కావలసినంత తీరిక దొరికింది. కాబోయే అధ్యక్షులు ఆమెను చూడకపోవడం, ఆమెకు ఆయన కనబడకపోవడం చక్కగా కుదిరాయని ఫొటోగ్రాఫర్ మెచ్చుకున్నాడు.

జూలై ఒకటిన ప్రమాణ స్వీకారం వైభవంగా జరిగింది. “చీకటిని తరిమేదాకా ఈ రామచంద్రం నిద్రపోడు” అని ఆయన గంటసేపు ప్రసంగించారు. సభలో చాలామంది నిద్రపోయారు. మర్నాడు బుచ్చవ్వ కుడి కంటికి ఆపరేషన్ అయింది. డాక్టర్లు ఒక్కసారికి ఒక్క కన్నే చేస్తారు.

మూడు వారాల తరువాత క్లబ్బులో ఆమెకు శాలువా కప్పాం.

“ఒక కన్ను మంచిగైంది సారూ, మీ కాల్మొక్కుత,” అన్నది. “రెండోది గుడ చేయిపిస్తే మల్ల పనిల పెట్టుకుంటమన్నరు. ఎప్పుడు రావాలె?”

రామచంద్రం గారు నోరు తెరిచేలోగా, వచ్చే ఏడాది పదవికి వరుసలో ఉన్న అరుణ్‌కుమార్ గారు లేచారు.

“అధ్యక్షా, కుడి కన్నుతో మీరు చరిత్ర సృష్టించారు. ఎడమ కన్నును దయచేసి నా సంవత్సరానికి కేటాయించవలసిందిగా మనవి. సేవకు కొనసాగింపు ఉండాలి.”

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. బుచ్చవ్వ తల తిప్పుతూ ఒక్కొక్కరినే చూసింది.

“ఇన్నొద్దులు సప్పట్లు ఇనవడుడే సారూ,” అన్నది. “గిప్పుడు కొట్టేటోళ్లు గుడ కానొస్తున్నరు.”

ఆమె చూపు నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా నా చేతులు ఆగలేదు. ఆ ఫొటోను అదే సాయంత్రం ఊరందరికీ వాట్సాప్‌లో పంపాను. మీకూ వచ్చింది. దాని కింద మీరు పెట్టిన దండం బొమ్మ అందినది.