రేకుల కింద బెలూన్లు

ఆ రోజు నస్పూర్ చర్చిలో పిల్లల వేసవి బైబిలు బడి ముగింపు పండుగ. పొద్దున్నే ఇంట్లో కూలర్ ముందు కూర్చుని టీచరు ఎలీసబెతు బెలూన్లకు కసితీరా పంపు కొడుతోంది. కసి బెలూన్ల మీద కాదు, సంఘ కార్యదర్శి అనిల్ కుమార్ మీద. పిల్లల గది రేకుల కింద ఉడికిపోతోంది, సీలింగ్ వేయించండని ఏళ్ల తరబడి ఆమె మొత్తుకుంటుంటే, "గంత వేడేం లేదు టీచరమ్మా" అని కొట్టిపారేస్తున్నాడు. ఇవాళ పాస్టరు అయ్యగారి ముందే అడిగి తేల్చుకోవాలని ఆమె పంతం.

"అవ్వా, జర గాలి తక్కువ కొట్టు. వేడికి లోపలి గాలి ఉబ్బుతది, పలుగుతయ్," అంది కూతురు గ్రేస్.

"పలుగనీ! గాడ సల్లగుంటదని కార్యదర్శి సారే చెప్తుండు గదా!"

మధ్యాహ్నం అయ్యగారు ప్రార్థనకు కళ్ళు మూశారో లేదో, రేకుల కింద కట్టిన ఎర్ర బెలూన్ ఢామ్మంది. అనిల్ కుమార్ వెనక వరస పిల్లలను లేపి నిలబెట్టాడు.

"ఎవడు గుచ్చిండు? చెప్పుండ్రి!"

ఇంకోటి పేలింది. పిల్లల చేతుల్లో ఏమీ లేదు. దాంతో ఆయనకు కరెంటు వైర్ల మీద అనుమానం వచ్చింది. "షార్ట్ సర్క్యూట్!" అని అరుస్తూ పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. ఫ్యాన్లు ఆగిపోయాయి.

ఇక చూడాలి. గది పొయ్యిలా కాలింది, బెలూన్లు వరసపెట్టి పేలాయి, పిల్లలు బెంచీల కింద దూరారు. ఎదురుగా చాయ్ తాగుతున్న బొగ్గుగని కార్మికులు పైకప్పు కూలిందనుకుని ఉరికొచ్చారు. గనిలో చేసినట్టే అందరినీ బయటికి మోశారు, వద్దు వద్దంటున్న అయ్యగారితో సహా.

ఎలీసబెతు కట్టిన బెలూన్లే పండుగను పాడుచేశాయి. ఇక సీలింగ్ మాట ఎత్తే ముఖమెక్కడిది?

అనిల్ కుమార్ అందరి ముందే విరుచుకుపడ్డాడు. "అంత మీవల్లనే టీచరమ్మా! గంత గట్టిగ గాలి కొడ్తరా? గా రేకుల వేడికి లోపల గాలి ఒత్తిడి పెరిగి పలుగవా? గా గదిల మనుషులే ఉడుకుతుండ్రు!"

అనేసి నాలుక కరచుకున్నాడు.

ఎలీసబెతు కొంగు బిగించి ముందుకొచ్చింది. "మల్లొక్కసారి చెప్పుండ్రి సారు. అయ్యగారు సక్కగ ఇనలేనట్టుంది."

"ఇన్నమమ్మా," అన్నారు అయ్యగారు చెమట తుడుచుకుంటూ. "గీ నెలల్నే సీలింగ్ పడాలె."

మరుసటి ఏడు ఒక్క బెలూనూ పగలలేదు. పండుగ మరీ చప్పగా సాగిందని అనిల్ కుమార్ కమిటీకి ఫిర్యాదు చేశాడు.