ఎవరూ తినని బాతు కట్లెట్ల రుచి

ఆ శనివారం సల్మె పెట్టుకున్న పని చిన్నదే. ఉదయం పెద్ద గిన్నెడు బంగాళాదుంపలు ఉడికించాలి, మధ్యాహ్నం పెరట్లో రాలిన ఆపిల్ ఆకులు ఊడ్చాలి, మర్నాడు మనవరాలి పుట్టినరోజుకు దుంపల సలాడ్ కలపాలి. దుంపలు ఉడుకుతున్నాయి. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి, బయట నవంబరు వెలుతురు పాత టీవీ తెరలాగా బూడిదరంగులో వణుకుతోంది. సరిగ్గా అప్పుడే గ్రంథాలయం చూసుకునే హెల్యు బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చేసింది. ఎస్తోనియాలోని ఆ చిన్న ఊళ్ళో ఎవరైనా బూట్లు విప్పకుండా లోపలికి వచ్చారంటే ఇల్లన్నా కాలుతుండాలి, సాయమన్నా కావాల్సి ఉండాలి.

"సల్మె, కాదనకు. సాయంత్రం గ్రంథాలయంలో పాత టీవీ ప్రకటనలు వేస్తున్నాం కదా, వాటిలో నీది కూడా దొరికిందే! బాతు కట్లెట్లది!"

"నాది కాదు, నా చేతులది."

"ఆ చేతులతోనే ఒక్క పళ్ళెం చేసిపెట్టవే. బల్ల మీద అందంగా ఉంటుంది."

ఆ ప్రకటన తెలియని మనిషి ఊళ్ళో లేడు. వీధికో టీవీ ఉన్న సోవియట్ రోజులవి. చలికాలం సాయంత్రాలు ఇరుగుపొరుగు ఎవరి పీట వాళ్ళు చంకన పెట్టుకుని ఆ ఇంటికి చేరేవారు. దీపం ఆర్పేసేవారు. బయట మంచు, లోపల తడి ఉన్ని మేజోళ్ళ వాసన, మధ్యలో అరచేతంత నీలి వెలుగు. ఆ వెలుగులోకి మొహం లేని రెండు చేతులు వచ్చి, పొగలు కక్కే కట్లెట్‌ను పళ్ళెంలో నెమ్మదిగా పెట్టేవి. చూసేవాళ్ళు చేతిలోని నల్లరొట్టె, ఉప్పుచేప కొరుక్కుంటూ, కళ్ళతో కట్లెట్ తినేవారు.

దుకాణంలోకి మాత్రం బాతు కట్లెట్లు ఏనాడూ రాలేదు. ప్రకటనలు తీయమని స్టూడియోకు పైనుంచి ఆజ్ఞ వచ్చింది గానీ, కట్లెట్లు చేయమని ఎవరికీ రాలేదు. చిత్రీకరణకు కూడా బాతు దొరక్క, పక్క క్యాంటీన్లో పనిచేసే పడుచుపిల్ల సల్మెను పిలిచారు. ఆమె దుంపలు మెదిపి, మాడ్చిన చక్కెర పాకం పూసి ఇచ్చింది. మెరుపు కోసం వాళ్ళు పైన వార్నిష్ రాశారు. ఆ పొగ పళ్ళెం కింద దాచిన సిగరెట్టుది.

హెల్యుకు ఇవన్నీ చెబుదామని సల్మె నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. ఆ తర్వాత బడి క్యాంటీన్లో ఆమె ఎన్నో ఏళ్ళు వండింది. పిల్లలు పళ్ళేలు వెనక్కి తోసేవారు. ఇంట్లో మొగుడు ఎండెల్ ఏం పెట్టినా "తినొచ్చు" అంటాడు, అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ అనడు. తన చేతులకు పేరొచ్చింది గానీ తన వంటకు రాలేదు. ఇవాళ నిజం బాతుతో, నిజంగా వండి పెడితే? ఒక్కరైనా బాగుందని అనకపోతారా?

"చేస్తాలే" అంది.

హెల్యు వెళ్ళి గ్రంథాలయం తలుపుకు కాగితం అంటించింది: "ఆ చేతులతోనే, ఆ బాతు కట్లెట్లే!" కాసేపటికి అటవీశాఖలో పనిచేసి మానేసిన కునో అటుగా వచ్చి, బూటు తాడు కట్టుకోవడానికి ఆ తలుపు దగ్గర ఆగాడు. తలుపు ముందు ఆగిన మనిషిని చూసి ఇద్దరు ఆడవాళ్ళు అతని వెనక నిలబడ్డారు. వాళ్ళను చూసి మరికొందరు చేరారు. మందుల షాపు దాటి, బస్టాపు దాకా వరస సాగింది. బస్సు దిగినవాళ్ళు దిగినట్టే అందులో కలిసిపోయారు.

"ఏమిస్తున్నారండీ?"

"ఏమో! ముందు నిలబడండి, తర్వాత కనుక్కుందాం."

ఎండెల్ తోపుడుబండితో సంతకు రెండోసారి బయల్దేరాడు. ఇంటింటా బాతు వండుకునే మార్టిన్ పండుగ వారం కాబట్టి బాతులకు కొదవలేదు.

"ఒక్క పళ్ళెం అన్నావు?"

"ఆ పళ్ళెం పెద్దదైంది, పదవయ్యా."

సాయంత్రం గ్రంథాలయంలో దీపాలు ఆర్పారు. గోడ మీద గీతలు పడ్డ పాత బొమ్మ కదిలింది. రెండు పడుచు చేతులు చీకట్లోంచి తేలుతూ వచ్చి పళ్ళేన్ని ముందుకు జరిపాయి. హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. కాసేపు అక్కడ ముసలివాళ్ళెవరూ లేరు. అందరూ ఎవరో పొరుగింట్లో, ఎప్పుడో పోయిన అమ్మ ఒడికి ఆనుకుని పీటల మీద కూర్చున్నారు. దీపాలు వెలిగాక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడానికి సిగ్గుపడ్డారు.

సల్మె కట్లెట్లు వడ్డించింది. మొదట కొరికింది కునో. నమిలాడు, పైకప్పు వైపు చూశాడు, మళ్ళీ నమిలాడు.

"బాగానే ఉంది గానీ... అది కాదు."

"ఏది కాదు?"

"అప్పటి రుచి కాదు."

"అప్పుడు నువ్వెక్కడ తిన్నావయ్యా?"

"ఎక్కడేమిటి, ఇంట్లోనే! మా అమ్మ శుక్రవారం శుక్రవారం తెచ్చేది."

"సోయకూర తగ్గింది, ఆ ఆకు వాసనే లేదు" అంది వెనక నుంచి ఒకావిడ. "అప్పట్లో దండిగా వేసేవాళ్ళు."

"సోయకూరా? మిరియాలమ్మా!" అన్నాడు పక్కనున్న ఒకాయన. "మీ ఇంటికి నకిలీవి వచ్చుంటాయి."

"మావి నకిలీవా? మా నాన్న పార్టీ ఆఫీసులో పనిచేసేవాడు!"

సల్మె గ్రంథాలయం వెనకున్న వంటగదిలోకి పరుగెత్తి సోయకూర వేసి ఇంకో వాయి తీసింది. "దగ్గరికొచ్చింది గానీ కాదు" అన్నారు. మిరియాలు దంచి వేసింది. "దూరం పోయింది" అన్నారు. సగం కొరికిన కట్లెట్లు పళ్ళేల అంచున పేరుకుపోయాయి. అచ్చం బడి క్యాంటీన్లో లాగే. ఆమె ఓపిక నశించి గరిటె బల్ల మీద కొట్టింది.

"అసలవి బాతువే కావు! దుంపలు! ఉత్త దుంపలకు వార్నిష్ పూశారు! మీరెవరూ తినలేదు, దుకాణానికి వస్తేగా తినడానికి!"

కునో లేచి వచ్చి ఆమె భుజం తట్టాడు.

"వయసు సల్మె, ఏం చేస్తాం. మా ఆవిడా ఇంతే, అన్నీ మరిచిపోతోంది."

సల్మె భర్త వైపు తిరిగి, "ఇంటికెళ్ళి ఆ దుంపల గిన్నె పట్రా" అంది.

"సలాడ్?"

"పట్రా!"

మెదిపింది, ఒత్తింది, చక్కెర మాడ్చి పూసింది. వార్నిష్ బదులు వెన్న రాసింది. పళ్ళెం తెచ్చి కునో ముందు విసురుగా పెట్టింది. అతను కొరికాడు. అతని దవడ ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే" అన్నాడు. "ఇదేనర్రా!"

అందరూ ఎగబడ్డారు. "చూశావా, బాతంటే ఇదీ!" అన్నాడొకడు. సోయకూర ఆవిడ, మిరియాల ఆయన ఒకరి చేతులొకరు పట్టుకుని ఏడ్చారు. "మొదటే ఇవి చేసుంటే పోయేది కదే" అని హెల్యు నిష్ఠూరమాడింది. సల్మె కూడా ఒకటి కొరికి చూసింది. స్టూడియో దీపాల వేడి, వార్నిష్ వాసన, తన పద్దెనిమిదో ఏడు కలగలిసి నాలుక మీదికి వచ్చాయి. ఒక క్షణం ఆమెకు కూడా బాతులాగే అనిపించింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

జనం తృప్తిగా కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. వంటగదిలో ఎండెల్ పళ్ళేలు కడుగుతున్నాడు. సల్మె ఎవరూ తాకని బాతు కట్లెట్ల పళ్ళెం ముందు ఏప్రన్‌తోనే కూలబడింది. అప్పుడు తలుపులోంచి ఒక నడివయసు మనిషి టోపీ చేత్తో పట్టుకుని తొంగిచూశాడు. కలప లారీ నడుపుతాడట. మధ్యాహ్నం వరస చివర, బస్టాపు దగ్గర నిలబడ్డాడట.

"నా వంతు వచ్చిందాండీ?"

"దుంపలవి అయిపోయాయి. ఇవే మిగిలాయి."

"ఏవైనా ఫర్వాలేదండి."

అతను నిలబడే ఒకటి తిన్నాడు. రెండోది కూర్చుని తిన్నాడు. మూడోదానికి కళ్ళు మూసుకున్నాడు.

"ఇంత మంచి బాతు నా జన్మలో తినలేదు. ఎవరు వండారండీ?"

సల్మె అతన్ని అనుమానంగా చూసింది.

"మీరు చిన్నప్పుడు టీవీలో ఆ ప్రకటన చూశారా?"

"లేదండి. మాది అడవి మధ్య ఇల్లు. మాకు కరెంటే చాలా ఆలస్యంగా వచ్చింది."

సల్మె కుర్చీ దగ్గరికి జరుపుకుని, అతని పళ్ళెంలో ఇంకో రెండు పెట్టి, ఆ అడవి ఇంటికి కరెంటు, టీవీ అంత ఆలస్యంగా పంపినందుకు మనసులోనే అప్పటి ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెప్పుకుంది.