ముందు బెంచీ మీద ఫైలు

విద్యామంత్రిగారు మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, చరిత్ర సృష్టించేశారు.

"తల్లిదండ్రులకీ టీచర్లకీ మధ్య మాటల కరువు ఈరోజుతో తీరిపోయింది! ఇదిగో, సంభాషణ పథకం! ఇకమీదట ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడే శ్రమ ఉండదు!"

హాలు దద్దరిల్లింది. వెనక వరుసలో ఉన్న టైలరమ్మ కూడా అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది. ఎందుకు కొట్టదు? ఆవిడ టీచరుతో చెప్పాల్సింది ఒక్కటే మాట. ఎనిమిదేళ్ల కూతురికి ఎడమ చెవి వినబడదు, కుడి చెవీ అంతంతమాత్రమే. డాక్టరు నిన్ననే తేల్చాడు. చివరి బెంచీలో కూర్చుంటే పిల్లకి పాఠం ఒక్క ముక్క అందడం లేదు. అప్పటికే మొద్దు అని పేరు పడిపోయింది, ఈ ఏడు పరీక్ష తప్పితే మళ్లీ అదే క్లాసు. ముందు బెంచీలో కూర్చోబెడితే చాలు, గండం గట్టెక్కుతుంది.

మర్నాడు బడి గేటు దగ్గర పథకం కోఆర్డినేటరు ఎదురయ్యాడు. కొత్త టై, మెడలో కార్డు, చేతిలో రబ్బరు స్టాంపు. చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు.

"టీచరుగారితో ఒక్క మాటండీ. అదిగో, అక్కడే ఉన్నారు."

"కనిపిస్తున్నారమ్మా. అందుకే ఆపాను. ముందు ఫారం నింపండి."

"అయ్యబాబోయ్, ముప్పై ఆరు పేజీలా!"

"మీ మనసులో ఉన్నదంతా చెప్పుకోవాలని మంత్రిగారి తపన."

ఆ తపనకి టైలరమ్మ కదిలిపోయింది. 'బిడ్డ దార్శనికత' అన్న గడిలో ముందు బెంచీ అని రాసింది. 'కుటుంబ సంభాషణా వ్యూహం' అన్న గడిలోనూ అదే రాసింది. కోఆర్డినేటరు ముప్పై ఆరు స్టాంపులూ కొట్టి, చెయ్యి దులుపుకున్నాడు.

ఆ వారంలోనే టీచరు స్వయంగా టైలరమ్మ కుట్టు దుకాణానికి వచ్చింది, కోటు చంకల దగ్గర పట్టేస్తోందని.

"కాస్త వదులు చెయ్యండమ్మా. పాప గురించి మాత్రం ఒక్క అక్షరం అనకండి, మీకు పుణ్యముంటుంది. అనధికార సంభాషణ అని నాకు మెమో ఇచ్చేస్తారు."

టైలరమ్మకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎక్కడ జారుతుందోనని గుండుసూదులు పళ్ల మధ్య బిగించి కొలతలు తీసింది. కోటు బ్రహ్మాండంగా కుదిరింది, పథకానికి మచ్చ పడలేదు.

మూడు నెలలకి ఆర్డరు వచ్చింది: 'ముందు బెంచీ మంజూరు.' టైలరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. మంత్రిగారే వచ్చి చూస్తారట, తల్లిని కూడా పిలిచారు!

ఆరోజు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని క్లాసు గుమ్మం దగ్గర టీచరు పక్కనే నిలబడింది. ముందు బెంచీల వైపు చూసింది. అక్కడ పిల్లలు లేరు. రిబ్బన్లు కట్టిన ఫైళ్లున్నాయి. మధ్యలో ఆవిడదే, ముప్పై ఆరు పేజీలతో నిటారుగా కూర్చుంది. పిల్లలంతా వెనక్కి సర్దుకున్నారు, కూతురు గోడకి ఆనుకుపోయింది.

"ఇదేంటండీ?" అంది టైలరమ్మ.

"మంజూరైన ఫైళ్లు మంత్రిగారి కంటపడేలా పెట్టాలని సర్క్యులర్," అన్నాడు కోఆర్డినేటరు. "పరీక్షలయ్యేదాకా తియ్యడానికి వీల్లేదు."

మంత్రిగారు వచ్చారు. ఫైలు తల నిమిరారు. చివరి బెంచీకేసి చూసి ముద్దుగా అడిగారు: "ఏం తల్లీ, మీ అమ్మ మాట టీచరుగారికి చేరిందా?"

పిల్ల ఆయన పెదాలకేసి చూసింది. తర్వాత పక్కవాళ్లకేసి చూసింది.

టైలరమ్మ ఉండబట్టలేక టీచరు వైపు తిరిగి నోరు తెరిచింది.

"ష్!" అన్నాడు కోఆర్డినేటరు. "సంభాషణ జరుగుతోంది!"

మంత్రిగారి పీఏ చప్పట్లు అందుకున్నాడు. టీచరూ కొట్టింది, కోటులో చేతులు హాయిగా ఆడుతున్నాయి. పిల్లలంతా కొట్టారు. వాళ్లని చూసి టైలరమ్మ కూతురు కూడా మొదలుపెట్టింది.

"చూశారా, అందరికంటే గట్టిగా కొడుతోంది!" అన్నారు మంత్రిగారు, ఫోటోగ్రాఫరుకి చోటిస్తూ.

అందరూ ఆపేశాక కూడా పిల్ల కొడుతూనే ఉంది, అచ్చం తల్లిలాగే, అరచేతులు ఎర్రబడేలా.