వేడ్ కుబెచ్కా తాగుబోతు తండ్రిని సంపాదించుకున్న వైనం

టెక్సస్‌లో కంట్రీ పాటలు, అంటే అక్కడి పల్లెటూరి పాటలు, పాడేవాళ్లకు ప్రభుత్వం ఇంతవరకు ఎలాంటి అర్హతా నిర్ణయించలేదు. ఆ లోటును ప్రజలే పూడ్చారు. పాడేవాడి పొలం వేలానికి పోయి ఉండాలి. పెళ్లాం లేచిపోయి ఉండాలి, వీలైతే వాడి ట్రక్కులోనే. జైలు అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. కుక్క చచ్చిపోయి ఉంటే మరీ మంచిది. వీటిలో ఏ ఒక్క యోగ్యతా లేకుండానే వేడ్ కుబెచ్కా అనే కుర్రవాడు గిటారు పట్టాడు. అప్పటికి అతనికి పొలం లేదు, పెళ్లి కాలేదు, కుక్క ఆరోగ్యంగా ఉంది.

అతని తండ్రి డాక్టర్ లెనర్డ్ కుబెచ్కా హ్యూస్టన్ అవతల పీకన్ బెండ్ అనే ఊళ్లో పళ్ల డాక్టరు. పిల్లల వంకర పళ్లకు తీగలు బిగించి దారిలో పెట్టడం ఆయన వృత్తి. ఆ ఊళ్లో ఏ పడుచుపిల్ల నవ్వినా అందులో ఆయన చెయ్యి ఉండేది. కడుపులో పుండు మూలాన బీరు కూడా ముట్టడు. పెళ్లిళ్లలో అందరూ గ్లాసులెత్తితే ఆయన పాలగ్లాసు ఎత్తేవాడు. తల్లి బెర్నిస్ చర్చిలో పియానో వాయించేది. పైగా మొగుడూ పెళ్లాలిద్దరూ అన్యోన్యంగా ఉండేవారు. ఇంతటి దౌర్భాగ్యంలో పెరిగిన పిల్లవాడు లబక్ వెళ్లి యూనివర్సిటీలో అకౌంటింగ్‌లో చేరాడు.

అక్కడ అతను మొదట చేరిన బ్యాండు, బ్యాండుకు ఏం పేరు పెట్టాలన్న గొడవలో కచేరీ చేయకుండానే విడిపోయింది. తరువాతి దాంట్లో అందరూ పాడతామన్నారు గాని డ్రమ్ము కొట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి మర్లా టీగ్ అనే ఫిడేలు అమ్మాయితో కలిసి కట్టిన బ్యాండు నిలబడింది. ఊరి చివర బారులో, కరెంటు మీద గెంతే బొమ్మ ఎద్దు పక్కన, వీళ్లకు చోటిచ్చారు. జనం ఎద్దు మీద నుంచి ఎవడు పడతాడో చూడడానికి వచ్చేవారు. ఎద్దుకు తోచకుండా ఉండకూడదని పాటలు పెట్టారు.

వేడ్ తనకు తెలిసిన సంగతుల మీదే పాటలు రాసేవాడు. లబక్ దుమ్ముగాలి మీద ఒకటి, ఆదివారం పూట అమ్మ పియానో మీద ఒకటి. గొంతు నిజంగానే బాగుండేది. అతను కళ్లు మూసుకుని అమ్మ పియానో పాట అందుకోగానే వెనక నుంచి ఎవడో కేక పెట్టేవాడు: “ఒరేయ్, ఎవడైనా చచ్చే పాట పాడరా!”

ఇలా ఉండగా హాయ్ట్ స్పైవీ అనే పెద్దమనిషి అతన్ని కనిపెట్టాడు. స్పైవీ అంతకుముందు చక్రాల మీద లాక్కుపోయే పాత ట్రెయిలర్ ఇళ్లు అమ్మేవాడు. కళను గుర్తించే చూపు అక్కడే అబ్బింది.

“బాబూ, నీ గొంతులో దమ్ముంది. నీ బతుకులోనే లేదు,” అన్నాడు స్పైవీ. “మీ అమ్మ ఎవడితోనైనా వెళ్లిపోయిందా?”

“లేదండి.”

“పోనీ, మీ నాన్న చావబాదేవాడా?”

“పళ్లు తోముకోకపోతే కసిరేవారండి.”

“అది పాటకు రాదు,” అని స్పైవీ నిట్టూర్చాడు. “తాగుడో?”

వేడ్ తల అడ్డంగా ఊపాడు. అయినా ఆ మాట బుర్రలో పడింది. ఆ మధ్యాహ్నమే కూర్చుని “నాన్న సీసా” అనే పాట రాసేశాడు.

*నాన్న సీసా నిండినప్పుడల్లా*
*అమ్మ కంచం ఎండిపోయేది.*

మర్లా విని ఫిడేలు కింద పెట్టింది. “బాగుంది. ఏడుపొచ్చేలా ఉంది. మీ నాన్నకి చెప్పావా?”

“పాటే కదే. ఎవరు నమ్ముతారు?”

“నిన్న ఒకడు ఆ కరెంటు ఎద్దుకి బీరు పట్టించాడు వేడ్. నీ ఎదురుగానే. వాళ్లు నమ్ముతారు.”

నమ్మారు. మొదటిసారి పాడినప్పుడు ఎద్దును ఆపించారు. ఆ బారు చరిత్రలో ఏ కళాకారుడికీ దక్కని గౌరవం అది. నెల తిరక్కుండా టెక్సస్ రేడియోలన్నీ అందుకున్నాయి. ట్రక్కు డ్రైవర్లు రోడ్డు పక్కన బండ్లు ఆపుకుని ఏడ్చారు. కుబెచ్కా అన్న పేరు పలకడం రాక ఒక్కో రేడియో వాడు ఒక్కో రకంగా పిలిచాడు. పలకడానికి రాని పేరు గనక ఇది కల్పన కాదని శ్రోతలు నిర్ధారించుకున్నారు.

పీకన్ బెండ్‌లోనూ రేడియోలున్నాయి. తల్లులు పిల్లల్ని డాక్టరు దగ్గరికి పంపడం మానేశారు. ఆయన చేతులు వణకడం ఎవరైనా చూశారా అని ఒకావిడ అడిగితే, “వణకడం లేదంటే పొద్దున్నే పట్టించి వచ్చాడన్నమాట,” అని ఇంకొకావిడ శాస్త్రీయంగా వివరించింది. ఇరుగుపొరుగు వాళ్లు బెర్నిస్ కంచం నింపడానికి గిన్నెలతో కోడికూరా, మొక్కజొన్న రొట్టే మోసుకొచ్చారు. “మా ఆయన తాగరమ్మా,” అని ఆమె మొత్తుకుంటే, చెయ్యి నొక్కి, “తెలుసమ్మా, తెలుసు,” అని కళ్లు తుడుచుకున్నారు. ఫ్రిజ్ తలుపు మూతపడడం మానేసింది.

ఆ పైన చర్చి నుంచి బ్రదర్ గార్లండ్ వేంచేశారు.

“డాక్టర్ గారూ, మీరు తాగుతారా?”

“తాగనండి.”

“మొదట్లో అందరూ అదే అంటారు.”

“నా జన్మలో చుక్క ముట్టలేదు బ్రదర్!”

“మరపు కూడా ఆ జబ్బు లక్షణమే,” అన్నారు బ్రదర్ గార్లండ్ ఎంతో ప్రేమగా. “గురువారం సాయంత్రం చర్చి వెనక గదిలో మానేసినవాళ్లు కలుస్తారు. రండి. రానంటే జబ్బు బాగా ముదిరిందనుకోవాలి.”

డాక్టరు కొడుక్కి ఫోన్ చేశాడు. “నాయనా, ఆ పాటలో నాన్న నేనేనా?”

“అయ్యో, కాదు నాన్నా! ఊరికే ఊహించి రాశాను.”

“మరి ఆ ముక్క నలుగురికీ చెప్పరా. నిన్న బజార్లో దగ్గుమందు కొంటుంటే నా చేతిలోది లాక్కున్నారు.”

“చెబుతాను నాన్నా. ఒట్టు.”

చెబుదామనే అనుకున్నాడు. కాని నాష్‌విల్ నుంచి పెద్ద రికార్డుల కంపెనీ వాళ్లు వస్తున్నారు, సంతకాలయ్యేదాకా నోరు మెదపవద్దన్నాడు స్పైవీ. వేడ్‌కు నిజంగానే సిగ్గేసింది. అన్నం సయించలేదు. ఆ సాయంత్రం కచేరీలో ఆ సిగ్గంతా గొంతులోకి దిగి పాట ఇంకా బాగా వచ్చింది. సంతకాలూ అయ్యాయి.

నాష్‌విల్ వాళ్లు అతనికి చిరిగిన జీన్స్ కొనిచ్చారు. అద్దె ట్రాక్టరు పక్కన ఫొటోలు తీశారు. దాన్ని ఎటువైపు నుంచి ఎక్కాలో తెలియక అతను బిక్కమొహం వేసుకుని నిలబడితే, మట్టి మనిషి మౌనం అని కింద రాశారు. ఆ యేడు ఉత్తమ గీతం బహుమానం “నాన్న సీసా”కే వచ్చింది. సభలో తండ్రిని వేదిక ఎక్కించి కొడుకు చేత క్షమింపజేయాలని నిర్వాహకులు ముచ్చట పడ్డారు. తండ్రి రానని కబురు పెట్టాడు. పరవాలేదు, ఖాళీ కుర్చీ వేద్దామన్నారు.

తెర వెనక మర్లా అతని చొక్కా కాలరు సర్దుతూ అంది. “ఇవాళ్టికైనా చెబుతావా, నన్ను వేరే బ్యాండు చూసుకోమంటావా?”

వేడ్ వేదిక ఎక్కాడు. ఖాళీ కుర్చీ వైపు చూశాడు. “మా నాన్న ఎప్పుడూ తాగలేదు,” అన్నాడు. “ఆయన పిల్లల పళ్లు సరిచేస్తారు. నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఈ పాట అబద్ధం. నన్ను క్షమించండి.”

ఎవరైనా చెప్పు విసురుతారేమోనని అతను కళ్లు మూసుకున్నాడు. ముందు వరుసలో ఒక ముసలావిడ వెక్కి వెక్కి ఏడ్వడం మొదలెట్టింది. తరువాత జనమంతా లేచి నిలబడ్డారు. ఎంత గుండె! అంత హింసించిన తండ్రి పరువు కాపాడడానికి, నిండు సభలో ఇంత అబద్ధం ఆడిన కొడుకు ఎక్కడైనా ఉన్నాడా! మర్నాడు పత్రికలన్నీ అదే రాశాయి. కంపెనీ వాళ్లు ఆ క్షమాపణకు వెనక ఫిడేలు కలిపి విడిగా విడుదల చేస్తే, అది పాటను మించి అమ్ముడుపోయింది.

ఆ ఫిడేలు మాత్రం మర్లాది కాదు. అతను నిజం చెప్పినందుకు వెన్ను తట్టిన ఆ పిల్ల, దాన్ని సరుకు చేసినందుకు బ్యాండు వదిలేసింది. గొడవలేమైనా జరిగాయా అని విలేకరులు అడిగితే లేవని చెప్పింది. అందుచేత ఆ వార్త ఎక్కడా రాలేదు.

వేడ్ తిన్నగా పీకన్ బెండ్ వెళ్లాడు. తండ్రి ఆసుపత్రి ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన ఇంటి వసారాలో మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

“నాన్నా, క్షమించు. నిజం చెప్పేశాను. ఎవరూ నమ్మకపోయినా చెప్పేశాను.”

“ఎవడు చెప్పమన్నాడురా నిన్ను?” అని డాక్టరు గర్జించాడు.

జరిగిందేమంటే, చర్చిలో ఆ గురువారాల్లో ఎన్నాళ్లు నోరు మూసుకుని కూర్చున్నా బ్రదర్ వదలకపోయేసరికి విసిగి, ఒకరోజు ఆయన లేచి “సరే, తాగాను,” అనేశాడు. గదంతా చప్పట్లు. మగవాళ్లు కావలించుకున్నారు. ఆయన ఉక్కిరిబిక్కిరయ్యాడు. మరుసటి వారం ఇంకాస్త కలిపి చెప్పాడు. కొడుక్కి కల్పనాశక్తి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు బయటపడింది. పక్క ఊళ్ల చర్చిలు పిలిచాయి, బడులు పిలిచాయి. అంతటి దయ్యాన్ని జయించిన చేతికి వంకర పన్ను ఒక లెక్కా అని, వెళ్లిపోయిన తల్లులు పిల్లలతో పాటు మేనకోడళ్లను కూడా తీసుకొచ్చారు.

“ఇన్నేళ్లు తాగకుండా బతికానురా. ఒక్కడు చప్పట్లు కొట్టాడా?” అన్నాడు డాక్టరు. “ఆదివారం నాకు ఊరంతా కలిసి సన్మానం చేస్తోంది. ఇప్పుడు నువ్వు టీవీలో నేను తాగలేదన్నావు. ఎవడైనా నమ్మితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఈయన ఇంట్లో పియానో అమ్మి తాగానని చెప్పుకుంటున్నారు,” అంది బెర్నిస్ లోపల నుంచి. “దాని మీద దుప్పటి కప్పి బట్టల బల్ల అని చెబుతున్నాను. అంతా బాగానే ఉంది గానీ, ఒరే వేడ్, నా మీద కూడా ఒక పాట రాయరా. నేను ఎవరినైనా కాల్చినట్టు.”

వేడ్ మెట్ల మీద నుంచే స్పైవీకి ఫోన్ చేసి ప్రకటన రాయించాడు: సభలో నేను అన్నది తండ్రి మీది ప్రేమతో ఆడిన అబద్ధం. చదివినవాళ్లు మళ్లీ ఏడ్చారు.

ఆదివారం సన్మానం ఘనంగా జరిగింది. పీకన్ బెండ్ ఉత్తమ పౌరుడిగా డాక్టర్ కుబెచ్కాకు మేయరు శాలువా బదులు కౌబాయ్ టోపీ పెట్టాడు. కొడుకు పాడాడు, తండ్రి మాట్లాడాడు, ఎవరి కళ్లూ పొడిగా లేవు. సభ అయ్యాక ఒకాయన ఒంటరిగా కుర్చీలు మడతపెడుతూ కనిపించాడు. ఆయన ఎప్పుడూ తాగలేదట, ఇంట్లో గొంతు పెంచలేదట, ఎవరి కొంపా ముంచలేదట. ఆయన పేరేమిటని మీరు ఎలాగూ అడగరు గనక, నేనూ కనుక్కోలేదు.