తడవకూడని లైఫ్‌గార్డు

మా ఇంట్లో సోఫా ఒక్కటే. దాని మీద మా బావమరిది పడుకుని ఉంటాడు కనక రోజూ పేపరు నేను నిలబడే చదువుకోవాలి. వాడు లైఫ్‌గార్డు. ఏడాదిగా బీచిలో ఒక్కరూ మునగలేదు కాబట్టి లైఫ్‌గార్డు దండగని తేల్చి, స్టేషనుకి తాళం వేసేశారు.

అలా నిలబడే ఓ రోజు మంత్రిగారి ప్రకటన చదివాను: "మూతపడ్డ లైఫ్‌గార్డు స్టేషను మన అమూల్య హెరిటేజ్!" నా కళ్లు చెమర్చాయి. నాలుగు కాంక్రీటు కాళ్ల మీద గది, ఓడకున్నట్టు గుండ్రటి కిటికీలు, తుప్పుపట్టిన మెలికల మెట్లు. రోజూ చూస్తూ కూడా అది ఆర్కిటెక్చరని నాకు తట్టనే లేదు. గోడ మీద కాకిరెట్ట అనుకున్నదాన్ని, చూడ్డానికొచ్చిన హెరిటేజ్ ఆఫీసరుగారు 'ఒరిజినల్ ఫినిష్' అన్నారు.

అంతకంటే సంతోషం, మావాడికి ఉద్యోగం తిరిగొచ్చింది. ఎర్ర బనియను వేసుకుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పైన నిలబడి సముద్రాన్ని చూడాలి.

"ఎవరైనా మునిగితే, సార్?"

"చూడు. చూడ్డమే నీ డ్యూటీ," అన్నారు ఆఫీసరుగారు. "దిగావో చూస్కో. నువ్వు ఎగ్జిబిట్‌వి. తడిస్తే రంగు పోతుంది."

"నాకా, బనియనుకా?"

"రెండూ హెరిటేజే నాయనా."

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు రిబ్బను కత్తిరించి, స్టేషను మొత్తం తన ఫొటోలో పడాలన్నారు. "ఇంకొంచెం వెనక్కి సార్, ఇంకొంచెం," అన్నాడు ఫొటోగ్రాఫరు. వెనకాల సముద్రం. అల వచ్చింది. ఫొటోలో స్టేషను మొత్తం పడింది. మంత్రిగారు లేరు.

"సార్, దూకనా?" పైనుంచి అరిచాడు మావాడు.

"ఆగవయ్యా! ఎగ్జిబిట్ కదలాలంటే హెరిటేజ్ కమిటీ చైర్మన్ సంతకం కావాలి!"

"చైర్మన్ ఎవరు సార్?"

ఆఫీసరుగారు సముద్రం కేసి చూపించారు.

మావాడు దూకేశాడు.

ఒడ్డున నీళ్లు కక్కి, మంత్రిగారు మైకు అడిగారు. "చూశారా! ఈ కట్టడమే నన్ను కాపాడింది!" చప్పట్లు. కట్టడానికి దండ వేశారు. ఎగ్జిబిట్‌ని తడిపినందుకు మావాణ్ణి తీసేసి, మళ్లీ ఆ నీళ్లలో దిగితే జైలేనన్నారు. పైన ఇప్పుడు అదే పోజులో సిమెంటు బొమ్మ ఉంది. వానొచ్చినా రంగు పోదట.

ఇందాక సముద్రం వైపు నుంచి ఎవరిదో కేక. మావాడు దిగ్గున లేచాడు.

"పట్టుకోండి, జైల్లో వేస్తారు వాణ్ణి!" అంది మా ఆవిడ.

మళ్లీ కేక.

"వదలండి, పాపం ఎవరో!" అంది మా ఆవిడే.

"బావా, వదులు!"

కిటికీలోంచి చూశాను. బొమ్మ చూస్తూనే ఉంది. మా సోఫా ఖాళీగానే ఉంది గానీ కూర్చునే వీల్లేదు. కుడిచేత్తో ఇది రాస్తున్నాను, ఎడంచేతిలో మావాడి చొక్కా ఉంది. అయ్యా, అమ్మా, చదివేవాళ్లలో ఎవరైనా సరే, కాస్త తొందరగా చెప్పండి. వదలనా?